తెగాల్సిన ముడి

పదకొండేళ్లుగా ఒక ముడిని మోస్తున్నాను. బస్తా అయితే ఎక్కడో ఒకచోట దించి నడుం సర్దుకోవచ్చు. ఇది నా వేళ్లలో ఉంది. పిండి కలిపేటప్పుడు, మనవరాలికి జడ వేసేటప్పుడు, దేవుడి ముందు దీపం వత్తి చేసేటప్పుడు ఆ వేళ్లతోనే కదా చేయాలి. ఎవరైనా నా చేతి పని చూసి మెచ్చుకుంటే నాకు నవ్వొస్తుంది. మంచి నవ్వు కాదది.

నా పేరు చెప్పను. చెబితే ధర్మవరంలో నలుగురు గుర్తుపడతారు. చూశారా, తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని కూడా ముందు కొంగు కప్పుకుంటున్నాను. ఇలాంటి మనిషిని నేను. మీరు జాలిపడే పని పెట్టుకోకండి. చదివి, మనసులో ఏ మాట వస్తే ఆ మాట అనుకోండి. అంతకంటే హీనమైన మాటలు నన్ను నేను ఎప్పుడో అనేసుకున్నాను.

చదివింది ఐదో తరగతి. కానీ జ్ఞాపకం మాత్రం దండిగా ఉంది. ఎవరి పెళ్లిలో ఏ కూర మాడిందో, ఏ సంవత్సరం ఎవరింటి గోడ కూలిందో అడిగితే చెబుతాను. ఇంట్లో పిల్లలు అందుకే నా చుట్టూ చేరతారు. వాళ్లకు ఎన్నో చెప్పాను. ఇది ఒక్కటి చెప్పలేదు. ఇందులో చెడ్డ మనిషి ఎవరని అడుగుతారు కదా.

మాది మగ్గం ఇల్లు. నాకు ఏడేళ్లప్పుడే మా అమ్మ పోగు చేతికిచ్చింది. పాత పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయాక దాని కొసలకు కొత్త పడుగు పోగులు కలపాలి. వేల పోగులు. ఒక్కొక్కటి చివర్లు కలిపి, తడిచేసి, వేళ్ల మధ్య నలిపి ముడివేసి, మిగిలిన కొసను పళ్లతో కొరికేయాలి. ముడి చదునుగా ఉండాలి, చీరలో కనిపించకూడదు, ఎంత లాగినా విడకూడదు. పోగు తెగిన రోజు మా ఇంట్లో అన్నం కూడా ఎవరూ గట్టిగా అడిగేవారు కాదు. ముప్పై ఏళ్లు అదే పని చేశాను. పట్టు కొనేవాళ్లు తగ్గి, మరమగ్గాలు పెరిగి, మా మగ్గం గుంతలో పాత గుడ్డలు వేసుకునే రోజు వచ్చాక హిందూపురంలో పనికి కుదిరాను.

అది వలల షెడ్డు. హిందూపురంలో వలలేమిటని మీరు నవ్వుతారు. మేమూ నవ్వాం. రేకుల కప్పు కింద పన్నెండు మంది ఆడవాళ్లం. సముద్రం చూసిన ముఖం ఒక్కటీ లేదు. యంత్రం మీద అల్లిన వల ముక్కలు ఎక్కడి నుంచో వచ్చేవి. వాటిని పక్కపక్కన పెట్టి అంచులు కలిపి, తాడు ఎక్కించి, తేలే బెండ్లు కట్టి మూట చుడితే మంగళూరు వైపు లారీలో పోయేవి. ఎవరి మూట ఎవరిదో తెలియడానికి మూలన ఒక రంగు దారం కట్టాలి. నాది ఆకుపచ్చ. ఓబుళమ్మది ఎరుపు.

ఓబుళమ్మ పేరు మాత్రం చెబుతున్నాను. నా పేరు దాచుకుని ఆమె పేరు బయటపెట్టడం ఏం న్యాయమని అడగొచ్చు. మాటపడింది ఆ పేరే. కడగాల్సిందీ ఆ పేరే.

ఆమె పెనుకొండ మనిషి. గొర్రెలు కాసే ఇల్లు. పొద్దున ప్యాసింజరు బండిలో నేను ధర్మవరంలో ఎక్కి ఆమెకోసం కిటికీ పక్క సీటు మీద సంచి పెట్టేదాన్ని. పెనుకొండలో ఎక్కి "అక్కా, ఉగ్గాని తెచ్చినా, సల్లారకముందే తిను" అని డబ్బా మూత తీసేది. ఆమె చేతి ఉగ్గాని తిన్నాను. ఆమె డబ్బాలో నా వేళ్లు పెట్టి తిన్నాను. ఇది గుర్తుపెట్టుకోండి. పరాయిదానికి చేసిన ద్రోహం కాదిది.

ఒకరోజు సముద్రం వైపు నుంచి ఒక సారు వచ్చాడు. ఎండకు నల్లబడ్డ మనిషి, మెల్లగా మాట్లాడతాడు. మేం ఆయనకు డాల్ఫిన్ సారు అని పేరు పెట్టాం. ఫోనులో బొమ్మలు చూపించాడు. ఇది చేప కాదమ్మా అన్నాడు. మనలాగే ఊపిరి పీలుస్తుందట. బిడ్డకు పాలిస్తుందట. చేపల కోసం వేసిన వలలో చిక్కుకుంటే పైకి రాలేక, పుట్టి పెరిగిన నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుందట. పడవల వాళ్లకు కూడా అది వద్దట. వల పాడవుతుంది, ఆ రోజు వేట పోతుంది, దాన్ని ఎవరూ తినరు. మాట్లాడకుండా తిరిగి నీళ్లలోకి తోసేస్తారు. చచ్చినదాన్ని.

అందుకని ఆయన ఒక ఉపాయం తెచ్చాడు. వల ముక్కలు కలిపే చోట అక్కడక్కడ సన్నని దారంతో విడిపోయే ముడి వేయాలి. చేపల బరువుకు అది ఆగాలి. డాల్ఫిన్ లాంటి పెద్ద ప్రాణి చిక్కి గింజుకుంటే మాత్రం విడిపోవాలి. వాకిలి తెరుచుకున్నట్టు అంచు తెరుచుకుని అది బయటపడాలి. కొందరు పడవల వాళ్లను బతిమాలి ఒప్పించాడట. ఒక్క సీజను వాడి చూస్తామన్నారట. బాగుంటే మిగతావాళ్లూ వాడతారు.

ఇసుక సంచులు రెండు తెప్పించాడు. చిన్న సంచి వేలాడదీస్తే ముడి ఆగాలి. పెద్దది వేలాడదీస్తే విడిపోవాలి.

నా ముడి పెద్ద సంచికి కూడా విడలేదు. మళ్లీ వేయమన్నాడు. విడలేదు. మూడోసారి సంచి గుడ్డ చినిగి ఇసుక నేలపాలైంది, ముడి మాత్రం అలాగే ఉంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, గర్వంగా. అప్పుడు ఓబుళమ్మ వేసింది. చిన్న సంచికి ఆగింది. పెద్దదానికి పుటుక్కున విడింది. పదిసార్లు వేస్తే పదిసార్లూ అంతే.

సారు నావైపు తిరిగి, "ఈ అమ్మ దగ్గర నేర్చుకోండమ్మా" అన్నాడు.

పన్నెండు మంది ముందర. గొర్రెలు కాసేదాని దగ్గర నేను నేర్చుకోవాలట. పట్టు పోగుల మీద ముప్పై ఏళ్లు కూర్చున్నదాన్ని. అప్పుడు నా మనసులో వచ్చిన మాటలు ఇవే. మెత్తబరచి రాయడం లేదు.

పాపం ఓబుళమ్మ నేర్పించడానికే చూసింది. బండిలో తన చీర కొంగు అంచు పట్టుకుని చూపించేది. "గొర్రెపిల్లను కంపచెట్టుకాడ కట్టేస్తాం గదక్కా. అది బెదిరితే పెనుగులాడ్తాది. ముడి ఇడవకపోతే మెడకు బిగుసుకోని సస్తాది. మా నాయన ఇట్ల ఏస్తాండె. మెల్లిగ మేస్తాంటే ఉంటాది, బెదిరి ఈడిస్తే ఇడుస్తాది."

"గొర్రె ముడి సముద్రంలో పనికొస్తాదేమే?" అన్నాను.

"ప్రాణం యాడైనా ప్రాణమే గదక్కా" అంది, నేను హాస్యమాడాననుకుని.

నా వేళ్లు ఆ ముడి వేయలేవని కాదు. రెండు రోజుల్లో వచ్చేసింది. కానీ వేసిన ప్రతిసారీ ఒంట్లో ఏదో కంపరం. విడిపోవడానికే ముడి వేయడమా? అది మా ఇంట్లో తిట్టు. మొదట్లో నేను చేసిన తప్పంతా నా పని అలవాటు మీదికి నెట్టేదాన్ని. నేత మనిషి చేతికి గట్టి ముడి తప్ప రాదు, అందుకే అలా జరిగింది అని. ఎంత అందమైన అబద్ధం! ఏళ్ల తరబడి దాన్నే చెప్పుకుని నిద్రపోయాను.

జరిగింది ఇది. అత్తకు బాగాలేక ఓబుళమ్మ మూడు రోజులు పనికి రాలేదు. ఆమె కట్టిన మూటలు అప్పటికే షెడ్డు మేస్త్రీ పెట్టిన ఇసుక సంచుల పరీక్షలో నెగ్గి గోడ పక్కన ఉన్నాయి. వాటికి పైన గోనెపట్టాలు కుట్టమని నాకు చెప్పాడు. అందరూ ముందు వైపు ఉన్నారు. నేను ఒక్కదాన్నే వెనక, మిట్టమధ్యాహ్నం. ఒక మూట విప్పాను. ఆమె ముడి ఒకటి వేలితో లాగాను. విడిపోయింది. ఎంత సులువుగా విడిందో! దాని చోట నా ముడి వేశాను. తడిచేసి, నలిపి, రెండు మెలికలు తిప్పి, కొస కొరికేశాను. తర్వాత రెండోది. తర్వాత మూడోది.

ఆ మూటలో విడిపోవాల్సిన ముళ్లన్నీ మార్చాను. మూలన ఎర్ర దారం అలాగే ఉంచాను.

ఎందుకు ఉంచావు? ఇదే నన్ను నేను అడిగే ప్రశ్న. గట్టి ముడితో షెడ్డు పేరు నిలబెట్టాలని చేసినదైతే దారం మార్చి ఆకుపచ్చ కట్టుకోవచ్చు కదా. చేయలేదు. ఆ ముళ్లు సముద్రంలో విడిపోకపోతే సారు ఆమెను తిట్టాలి. పన్నెండు మంది ముందర. నాకు కావాల్సింది అంతే. ఆ తిట్టుకీ నాకూ మధ్య ఒక ప్రాణి చావాలన్న ఆలోచన రాలేదా? వచ్చింది. వచ్చి, ఈగను తోలినట్టు తోలేశాను. వానకు మొహం వాచిన ఊళ్లలో పుట్టినదాన్ని, ఎప్పుడూ చూడని నీళ్లలో ఎప్పుడూ చూడని జంతువు ఏమైతే నాకేమిటి అనుకున్నాను. రెండో మూట విప్పేలోగా లారీ వచ్చింది. రాకపోతే అదీ మార్చేదాన్ని. నా మంచితనం వల్ల ఒక్క మూటతో ఆగిందనుకునేరు.

రెండు నెలల తర్వాత సారు జీపులో వచ్చాడు, వాడిన వలలు వేసుకుని. ఓబుళమ్మ నా పక్కనే కూర్చుని పని చేస్తోంది. మొదట కొన్ని వలలు నేల మీద పరిచాడు. అంచులు తెరుచుకుని ఉన్నాయి. మేస్త్రీ తల కొట్టుకున్నాడు, తెగిపోయినాయే అని. పడవల వాళ్లూ అలాగే గొణిగారట. సారు మాత్రం నవ్వుతున్నాడు. ఇక్కడి నుంచి ఏదో పెద్దది బయటపడింది, ఇక్కడి నుంచి కూడా, అని మోకాళ్ల మీద కూర్చుని చూపించాడు. ఆ మూటలన్నిటికీ ఎర్ర దారమే.

తర్వాత నవ్వు ఆపేశాడు. ఇంకో వల తెచ్చాడు. ఫోను తీసి బొమ్మ చూపించాడు. పడవ అంచున ఒక పెద్దది, పక్కన చిన్నది. పెద్దదాని మూతి మీద వల గళ్లు అచ్చుపడ్డాయి, పచ్చబొట్టు పొడిచినట్టు. ముందు తల్లి చిక్కిందట. బిడ్డ దాన్ని వదిలి పోలేక చుట్టూ తిరిగి తిరిగి అదే వలలో పడిందట. పడవవాడు చెప్పాడట. సారు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"ఇది ఎవరి మూట?"

మేస్త్రీ మూల వెతికాడు. "ఎర్ర దారం సార్. ఓబుళమ్మది."

ఓబుళమ్మ లేచి వచ్చింది. ఒక ముడి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. వేలితో తడిమింది. చదునుగా ఉంది. కొస కొరికి ఉంది.

"ఇది నా ముడి కాదు సార్."

"మరి ఎవరిదమ్మా?"

ఆమె నన్ను చూసింది. ఆ షెడ్డులో మగ్గం ఇంటి నుంచి వచ్చింది నేనొక్కదాన్నే. కొస కొరికేదీ నేనొక్కదాన్నే. ఆమెకు తెలిసిపోయింది. ఆ కళ్లలో కోపం ఉంటే నేనూ కోపంతో నిలబడేదాన్ని. లేదు. ముడి ఉన్న అంచు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"అక్కా, నీకు ముడులు తెలుసు గదా. నువ్వే సూసి చెప్పు. ఇది నేనేసిందేనా?"

అందరి ముందర నన్ను పట్టివ్వలేదు. తలుపు తెరిచి పక్కకు నిలబడింది. నేనేసినానమ్మా, పొరపాటున, అంటే చాలు. పొరపాటు అనే మాట కూడా నాకోసం సిద్ధంగా ఉంచింది.

ముడిని వేళ్లతో పట్టుకున్నాను. చూసినట్టు నటించాను.

"నీదే గదమే. ఎర్ర దారం కనిపిస్తాంది గదా. ఆ పొద్దు మీ అత్తకు బాగలేదని తొందరపడితివి. ఆ తొందర్లో ఏసినట్లుండావు."

"అట్లనా అక్కా" అంది.

అంతే. మేస్త్రీ అరిచాడు, రేపటి నుంచి రావద్దన్నాడు. సాయంత్రం బండిలో ఆమె రోజూలాగే నా ఎదురుగా కూర్చుంది. వేరే పెట్టెలో ఎక్కొచ్చు కదా. ఎక్కలేదు. దారి పొడుగునా నా ముఖం చూడలేదు, నా వేళ్లు చూసింది. పెనుకొండలో దిగి వెళ్లిపోయింది.

తర్వాత ఏం జరిగిందో తొందరగా చెబుతాను. పడవల వాళ్లు ఒకటే మాట అన్నారట: విడితే వల చెడుతుంది, విడకపోతే అది చస్తుంది, ఈ ముడి దేనికి? ఆ ఉపాయం అక్కడితో మూలపడింది. సారు మళ్లీ రాలేదు. షెడ్డులో గట్టి ముడి తిరిగొచ్చింది. గట్టి ముడికి నన్ను మించినవాళ్లు లేరు కాబట్టి నన్ను అందరికీ పెద్దను చేశారు. కుర్చీ ఇచ్చారు. కూర్చున్నాను. సిగ్గులేకుండా కాళ్లు చాపుకుని మరీ కూర్చున్నాను. ఈ పదకొండేళ్లలో నా కింద కట్టిన వలలు ఎన్ని పోయాయో, వాటిలో తల్లులెన్ని, బిడ్డలెన్ని ఊపిరాడక పోయాయో ఎవరికి తెలుసు? చచ్చినవాటిని నీళ్లలోకి తోసేస్తారని చెప్పాను కదా.

పెనుకొండలో ఓబుళమ్మకు పేరు పెట్టారు. డాల్ఫిన్ ఓబుళమ్మ. తల్లీబిడ్డల ప్రాణం తీసినామె అని. మా షెడ్డుకు వచ్చే పెనుకొండ ఆడవాళ్లు చెప్పుకుని నవ్వేవారు. "ఏమ్మే డాల్ఫినూ, యాడికి పోతాండావు?" అని పిల్లలు వెంటపడేవారట. గొర్రెపిల్ల మెడకు నొప్పి తగలకూడదని ముడి నేర్చిన మనిషిని. ఆ మాటలు విన్నప్పుడల్లా నేనూ అందరితోపాటు నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుందని.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన నెలలో ఒక మేడమ్ వచ్చింది. చిన్న వయసు. వలకు కట్టే డబ్బాలేవో తెచ్చింది. అవి నీళ్లలో చప్పుడు చేస్తే డాల్ఫిన్లు దూరంగా తప్పుకుపోతాయట. మాటల్లో షెడ్డు యజమానిని అడిగింది, విడిపోయే ముడి మీరు ముందే చేసి చూశారట కదా, ఎందుకు ఆపేశారు అని. ఆయన నవ్వాడు. "అది పనికిరాదు మేడమ్. పెనుకొండామె ఒకామె సరిగ్గా ఏయక రెండు సచ్చినాయి. ఈ పల్లెటూరోళ్ల చేతుల్తో అయ్యేది కాదు." మేడమ్ తలూపి పుస్తకంలో రాసుకుంది. పనికిరాదు అని.

నేను అక్కడే ఉన్నాను. మజ్జిగ గ్లాసులు అందిస్తూ. ఒక్క మాట చాలు. ఆ ముడి పనికొచ్చింది మేడమ్, వేసిన చోటల్లా విడింది, విడనిది నాది. ఇంతే కదా. ఈ మాట పడితే వాళ్లు మళ్లీ వేసి చూస్తారు. నోరు తెరిచాను కూడా. తెరిచి, "ఇంకొంచెం పొయ్యమంటారా?" అన్నాను. మజ్జిగ!

మొదటిసారి చేసింది అసూయ అనుకుందాం. రెండోసారి చేసిందానికి పేరు లేదు. ఎవరూ నన్ను అనుమానించడం లేదు, ఎవరూ అడగడం లేదు, అయినా ఆమెను మళ్లీ ముంచాను, ఒక గ్లాసు మజ్జిగతో.

అందుకే ఇది రాస్తున్నాను. నాలుగు రోజులు పట్టింది. వంకర అక్షరాలు. ఇందులో సగం ఇంకో కాగితం మీద ఎత్తిరాసి మేడమ్‌కు పోస్టు చేశాను. ఓబుళమ్మ ముడి ఎలా వేయాలో కూడా రాశాను. సన్నని దారాన్ని ఒకసారే చుట్టి, కొసను లోపలికి పూర్తిగా లాగకుండా మడత పెట్టి వదలాలి. బిగించాలని చెయ్యి ఊరుకోదు. ఊరుకోబెట్టాలి. కింద ఇలా రాశాను: ఆ మూటలో ముళ్లు ఓబుళమ్మవి కావు, పక్కన కూర్చున్న మనిషివి. ఆమెవన్నీ విడిపోయాయి. కింద సంతకం పెట్టలేదు. పెట్టలేదని మీరు ముందే ఊహించి ఉంటారు.

ఇక ఓబుళమ్మ. ధర్మవరం నుంచి పెనుకొండ ఎంతసేపు? ఆమె ఇల్లు నాకు తెలుసు. ఒకప్పుడు ఆమె కొడుక్కి పేరు పెట్టినరోజు ఆ ఇంట్లో కూర్చుని తిన్నాను. ఆమెకు చదువు రాదు. ఉత్తరం రాస్తే ఎవరో చదివి వినిపించాలి. కాబట్టి నోటితో చెప్పాలి, ఆమె ముందు నిలబడి, ఆమె నా వేళ్లు చూస్తుండగా. ఆ పని నేను చేయలేదు. చేస్తానని మాటివ్వడం లేదు. ఇంతసేపూ మీ దగ్గర ఇంత వివరంగా ఎందుకు చెప్పుకొచ్చానో తెలుసా? మీరు ఆమె కాదు కాబట్టి. మీకు చెప్పడం సులువు కాబట్టి.

అయినా, చెప్పాక లోపల ఏదో కాస్త సడలింది. ఊపిరి ఆడుతోంది. ఆ ఊపిరి పీల్చుకోవడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది. పీల్చుకుంటున్నాను.